రికోటాకూ పెంకుకూ పడదు

సిసిలీ ద్వీపంలో పేరున్న మిఠాయి దుకాణానికి వెళ్లి కన్నోలి అడిగితే, అద్దాల బీరువాలోంచి తయారుగా ఉన్నది తీసి ఇవ్వరు. గొట్టాల్లాంటి పెంకులు ఒకచోట ఖాళీగా, పొడిగా పేర్చి ఉంటాయి. వాటిలో నింపే తెల్లటి, మెత్తటి రికోటా మరోచోట చల్లగా ఉంటుంది. మీరు అడిగాకే ఆ రెండింటినీ కలుపుతారు. ముందే నింపి వరసగా పేర్చిన దుకాణం కనబడితే స్థానికులు పక్క వీధికి పోతారు.

ఇది ఆడంబరం కాదు. పెంకులో నీరు దాదాపు లేదు. రికోటాలో నూటికి డెబ్బై పాళ్లకు పైగా నీరే. ఈ రెండూ తాకిన క్షణం నుంచి నీరు ఇటు నుంచి అటు నడవడం మొదలుపెడుతుంది, ఆ నడకను ఎవరూ ఆపలేరు. ఆలస్యం చేయగలరంతే. పిండిలో వైన్ పోయడం, రికోటాను రాత్రంతా వడకట్టడం, పళ్లెంలో ఏది ఎక్కడ పెట్టాలో చూసుకోవడం, అన్నీ ఆ ఆలస్యం కోసమే. కన్నోలి వంటకాన్ని నీటి లెక్కగా చదివితే తప్ప అందులో సగం పద్ధతులు అర్థం కావు.

పుట్టుపూర్వోత్తరాల గురించి కథలకేం కొదవ లేదు. కల్తానిసెత్తా పట్టణంలో అరబ్బు అమీరు అంతఃపుర స్త్రీలు కనిపెట్టారని ఒకటి, క్రైస్తవ మఠాల్లోని సన్యాసినులు చేశారని ఇంకొకటి. వీటి జోలికి నేను పోను. నికరంగా చెప్పగలిగింది ఏమిటంటే, 827లో అరబ్బులు సిసిలీ మీదికి వచ్చాక చెరకు, నిమ్మ, నారింజ జాతులు అక్కడ వేళ్లూనుకున్నాయి. గొర్రెల మందలు అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి. మఠాల్లో మిఠాయిల తయారీ తరాల పాటు సాగింది. కన్నోలి మొదట్లో కార్నివాల్ పండగ రోజుల తినుబండారం. ఆ పండగ ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది. సిసిలీలో వానలు పడేది చలికాలంలో. పచ్చిక అప్పుడే ఒత్తుగా ఉంటుంది, గొర్రెలు చిక్కటి పాలిచ్చేదీ అప్పుడే. పండగకూ రికోటాకూ పొత్తు కుదిర్చింది వానే.

ఇక రికోటా సంగతి. దాన్ని పాలతో చేయరు, పాలను విరిచి చీజ్ తీసుకున్నాక మిగిలిన తేటతో చేస్తారు. గొర్రె పాలను విరిచే రెన్నెట్ వేసినప్పుడు, అందులోని కైమోసిన్ అనే ఎంజైమ్ కేసిన్ రేణువుల మీద మొలిచి ఉండే తోకల్ని కత్తిరిస్తుంది. ఆ తోకలు ఉన్నంతసేపూ రేణువులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. తోకలు పోగానే అతుక్కుని గడ్డకడతాయి. పాలలోని ప్రొటీన్లలో సుమారు 80 శాతం కేసిన్ కుటుంబానివే, అవన్నీ గడ్డలోకి పోతాయి. మిగిలిన 20 శాతం ప్రొటీన్లకు రెన్నెట్ ఏమీ చేయదు. అవి తేటలో కరిగే ఉంటాయి. పశువుల కాపరి ఆ తేటను పారబోయకుండా మళ్లీ పొయ్యి మీద పెట్టాడు. ఈ తిండి అక్కడ పుట్టింది.

తేటలోని ప్రొటీన్లలో పెద్దపీట బీటా-లాక్టోగ్లోబ్యులిన్‌ది. 162 అమైనో ఆమ్లాల గొలుసు ఉండలా చుట్టుకుని ఉంటుంది. ఆ గొలుసులో సిస్టీన్ అనే గంధకపు అమైనో ఆమ్లాలు ఐదు. వాటిలో నాలుగు రెండు జంటలుగా ముడిపడి ఉండకు గట్టిదనం ఇస్తాయి. ఐదోది ఒంటరిది, ఉండ లోపల దాగి ఉంటుంది. తేట 70 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి ఉండ విచ్చుకోవడం మొదలవుతుంది, ఒంటరి సిస్టీన్ బయటపడుతుంది. అది పక్క గొలుసులోని జంటను విడదీసి, అందులో ఒకదానితో తను ముడిపడుతుంది. విడిపోయినది ఇంకో గొలుసు మీద పడుతుంది. ఇలా ముడి మీద ముడి పడుతూ వల పెరుగుతుంది. తేటను 80–90 డిగ్రీల దాకా తీసుకువెళ్లి, కొంచెం ఉప్పు, అవసరమైతే కాస్త పులుపు కలుపుతారు. పులుపు ప్రొటీన్ల మీది రుణావేశాన్ని తగ్గిస్తుంది, ఆవేశం తగ్గితే ఒకదాన్నొకటి నెట్టుకోవడం కూడా తగ్గుతుంది. వలలో కొవ్వు, గాలి చిక్కుకుంటాయి కాబట్టి తెల్లటి తెట్టు మబ్బులాగా పైకి తేలుతుంది. ఆ సమయంలో గరిటె పెట్టి తిప్పకూడదు, తిప్పితే తెట్టు ముక్కలై తేటలో కలిసిపోతుంది. చిల్లుల గరిటెతో నెమ్మదిగా తీసి చిన్న బుట్టల్లో వేస్తారు. ఒకప్పుడు తుంగతో అల్లిన బుట్టలు, ఇప్పుడు ప్లాస్టిక్‌వి.

తెలుగు పాఠకుడికి దీని చుట్టాన్ని చూపించాలంటే పనీర్‌ను చూపించడం పొరపాటు. జున్నును చూపించాలి. ఈనిన ఆవు లేదా గేదె తొలి పాలలో ఇమ్యునోగ్లోబ్యులిన్ల వంటి తేట ప్రొటీన్లు మామూలు పాలలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద పెడితే చాలు, నిమ్మరసం చుక్క లేకుండా జున్ను గిన్నెలోనే పేరుకుంటుంది. జున్నులో గడ్డకట్టే పనిని నడిపించేది, రికోటాలో నడిపించేది ఒకే ప్రొటీన్ల గుంపు. రెండింటిలోనూ ఆ వణికే మెత్తదనం వచ్చేది అందుకే.

పనీర్ చేయగా మిగిలిన తేటతో రికోటా తీయవచ్చు కదా అని చాలామందికి అనిపిస్తుంది. ప్రయత్నించి చూడండి, దాదాపు ఏమీ రాదు. మనం పాలను మరిగించాకే నిమ్మరసం పిండుతాం. ఆ మరుగులోనే తేట ప్రొటీన్లు విచ్చుకుని కేసిన్ రేణువుల్ని అంటుకుంటాయి, పనీర్ ముద్దతో పాటు వెళ్లిపోతాయి. తేటలో మిగిలేది లాక్టోజు, ఖనిజాలు, కొద్దిపాటి ప్రొటీన్ ముక్కలు. చీజ్ చేసేవాళ్లు రెన్నెట్‌ను గోరువెచ్చటి పాలలోనే వేస్తారు కాబట్టి వాళ్ల తేటలో సరుకు మిగిలి ఉంటుంది. కాచిన పాలలో నిమ్మరసం పోసి ‘ఇంట్లోనే రికోటా’ అని చూపించే వంటలన్నీ, రసాయనశాస్త్రం దృష్టిలో, మెత్తటి పనీర్ వంటలే. వాటితో కన్నోలి నింపితే నేరమేమీ కాదు. కాకపోతే ఎన్నిసార్లు జల్లెడ పట్టినా నాలుకకు కాస్త పలుకు తగులుతుంది.

రికోటా చేతికి వచ్చిన రోజే నింపకూడదు. పల్చటి బట్టలో మూటగట్టి, కింద గిన్నె పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. పొద్దునకి గిన్నెలో చేరిన నీళ్లు చూస్తే ఆ శ్రమ ఎందుకో తెలుస్తుంది. తర్వాత చక్కెర. అరకిలో రికోటాకు 150 గ్రాములు మధ్యస్థం. సిసిలీలో అంతకంటే చాలా ఎక్కువ వేసేవాళ్లున్నారు. చక్కెర కలిపిన కొద్దిసేపటికి రికోటా గట్టిపడకపోగా జారుగా అవుతుంది. వలలో చిక్కుకున్న నీటిని చక్కెర బయటికి లాగి అందులో తను కరుగుతుంది. అందుకే ముందే బాగా ఓడ్చని రికోటాను తర్వాత ఏం చేసినా దారికి తేలేం. కొన్ని గంటలు ఆగి, సన్నటి జల్లెడ మీద గరిటె వెనక భాగంతో రుద్దుతూ దించాలి. మిక్సీ పనికిరాదు. బ్లేడు దెబ్బలకు వల మొత్తం తెగిపోయి, పట్టి ఉంచిన నీళ్లన్నీ వదిలేస్తుంది. జల్లెడ పట్టిన రికోటాకు ఒక మంచి గుణం ఉంది. తోస్తేనే కదులుతుంది, తోయడం ఆపితే ఉన్నచోటే నిలుస్తుంది. అంచుల మీద కూడా జారిపోకుండా నిలబడే ఈ గుణం మీదే తర్వాత పళ్లెం అందం ఆధారపడుతుంది.

పెంకు కథ దీనికి సరిగ్గా ఎదురు. పావుకిలో మైదా, 30 గ్రాముల పందికొవ్వు, అంతే చక్కెర, ఒక గుడ్డు, చిటికెడు దాల్చినచెక్క పొడి, రంగుకు కాస్త కోకో, నాలుగైదు చెంచాల మర్సాలా వైన్, ఒక చెంచా వెనిగర్. పందికొవ్వు తినని ఇళ్లలో నెయ్యితో చేసుకోవచ్చు. నూనెతో మాత్రం అదే గుల్లదనం రాదు, పిండి రేణువుల మధ్య నిలబడాల్సింది గది వేడిలో పేరుకుని ఉండే కొవ్వు. మర్సాలా అనేది పశ్చిమ సిసిలీలోని రేవు పట్టణం. జాన్ వుడ్‌హౌస్ అనే ఇంగ్లీషు వర్తకుడు 1773లో అక్కడి వైన్‌లో, ఓడ ప్రయాణానికి తట్టుకోవాలని, అదనంగా ఆల్కహాల్ కలిపి ఇంగ్లండుకు ఎగుమతి చేశాడు. ఈనాటి ఘాటు మర్సాలాకు పేరు వచ్చింది అప్పటి నుంచే.

వైన్ వేసేది వాసన కోసమే అనుకుంటాం. అంతకంటే పెద్ద పని ఇంకోటి చేస్తుంది. మైదాకు నీళ్లు తగిలితే గ్లియాడిన్, గ్లుటెనిన్ అనే ప్రొటీన్లు కలిసి సాగే గ్లూటెన్ వల అల్లుకుంటాయి. ఆల్కహాల్ ఉంటే ఆ అల్లిక పలచబడుతుంది, గ్లియాడిన్‌కు ఆల్కహాల్‌లో కరిగే స్వభావం ఉంది. వెనిగర్ కూడా వల పట్టును సడలిస్తుంది. గంటసేపు నానితే మిగతా బిగువూ తగ్గుతుంది. అప్పుడు అప్పడాల కర్రతో మిల్లీమీటరు మందానికి వత్తినా పిండి వెనక్కి ముడుచుకోదు. గుండ్రంగా కోసి, ఉక్కు గొట్టానికి చుట్టి, అంచు మీద అంచు వేసి గుడ్డు తెల్లసొనతో అతికిస్తారు. ఉక్కు గొట్టాలు రాకముందు ఏటి ఒడ్డున పెరిగే రెల్లు కాడల్ని ముక్కలు చేసి వాడేవాళ్లు. తెల్లసొన గొట్టానికి తగలకూడదు. తగిలిందా, వేగాక పెంకు ఊడి రాదు, పగిలి వస్తుంది.

మూకుట్లో కొవ్వు 175 డిగ్రీల దగ్గర ఉండాలి. పిండిలోని ఆల్కహాల్ 78 డిగ్రీలకే ఆవిరవుతుంది, నీరు 100కి. నీరు ఆవిరైతే దాని ఘనపరిమాణం సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. పలచటి పిండిలో ఆ ఆవిరికి పోయే దారి లేక పొరను బుడగలుగా ఉబ్బిస్తుంది. కన్నోలి మీద కనిపించే ఆ బొబ్బలు లోపం కాదు, గుర్తింపు చీటీ. బొబ్బ గోడ పలచన కాబట్టి పన్ను తగిలిన వెంటనే పగులుతుంది. బొబ్బలు రాని పెంకు ఉత్త గట్టి గొట్టం. నూనెలో చిటపటలు తగ్గుతున్నాయంటే నీరు అయిపోవస్తోందని. అప్పుడే పెంకు ఉష్ణోగ్రత వందను దాటి ఎక్కుతుంది, చక్కెరకూ అమైనో ఆమ్లాలకూ మధ్య జరిగే మెయిలార్డ్ చర్య ఊపందుకుని గోధుమరంగు, పరిమళం వస్తాయి. తొందరపడి మంట పెంచితే రంగు ముందే వచ్చేస్తుంది, నీరు మధ్యలో మిగిలిపోతుంది. ఆ మిగిలిన నీరు సాయంత్రానికి పొర అంతటా పాకి పెంకును తోలులా చేస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. ఒక పదార్థంలో ఎంత నీరు ఉందన్నది ఒక ప్రశ్న. ఆ నీటిలో ఎంత స్వేచ్ఛగా కదలగలదన్నది వేరే ప్రశ్న. రెండోదాన్ని కొలిచే సంఖ్యను వాటర్ యాక్టివిటీ అంటారు. స్వచ్ఛమైన నీటికి అది 1, ఎముకలా ఎండిన వస్తువుకు 0. రెండు వస్తువులు తాకితే నీరు పెద్ద సంఖ్య నుంచి చిన్న సంఖ్య వైపు నడుస్తుంది. చల్లారిన పెంకులోని పిండిపదార్థమూ గ్లూటెనూ గాజు స్థితిలో ఉంటాయి. అణువులు కదలలేవు, అందుకే వంగకుండా పగులుతాయి. నీటి అణువులు చొరబడితే ఆ అణువులకు కదిలే వీలు చిక్కుతుంది, పెంకు వంగుతుంది. ఇలాంటి పొడి తినుబండారాలు 0.4–0.5 ప్రాంతానికి చేరేసరికి కరకర పోతుంది.

చక్కెర అంత వేశాం కదా, అది నీటిని కట్టిపడేయదా? లెక్క వేద్దాం. ఓడ్చిన అరకిలో రికోటాలో నీరు ఇంచుమించు 350 గ్రాములు, అంటే 19.4 మోల్‌లు. చక్కెర 150 గ్రాములు అంటే అర మోల్ కూడా లేదు. వాటర్ యాక్టివిటీ 0.98 దరిదాపుల్లో ఉంటుంది. చక్కెర రెట్టింపు చేసి ముఖం మొత్తేంత తీపి చేసినా 0.95 దగ్గరే ఆగుతుంది. పెంకు ఓర్చుకోగలిగేది అందులో సగం. చక్కెర అణువు బరువైనది, కాబట్టి గ్రాముల్లో ఎంత ఘనంగా కనిపించినా అణువుల సంఖ్యలో తక్కువ. ఈ పోరులో చక్కెర మన పక్షాన లేదు.

గాలి కూడా లేదు. గాలిలో తేమ 80 శాతం అంటే దాని వాటర్ యాక్టివిటీ 0.8 అన్నమాటే. జూలైలో విశాఖపట్నంలోనో కాకినాడలోనో వంటింటి బల్ల మీద ఖాళీ పెంకును వదిలేస్తే, రికోటా ముట్టకుండానే అది మెత్తబడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్‌లో అదే పెంకు చాలాసేపు నిలుస్తుంది. 1990లో వచ్చిన ‘గాడ్‌ఫాదర్’ మూడో భాగంలో పలెర్మోలోని తెయాత్రో మాస్సిమోలో ఒపెరా చూస్తూ, విషం కలిపిన కన్నోలిని ఒక ముసలి డాన్ తీరిగ్గా తింటూ చనిపోతాడు. ఆ పెంకు మొదటి అంకానికే మెత్తబడి ఉంటుందన్నది నా అనుమానం. అయినా అతనికి అంతకంటే పెద్ద చిక్కే వచ్చింది.

అడ్డుగోడ కట్టే ఉపాయం ఒకటుంది. పెంకు లోపల కరిగించిన చాక్లెట్‌ను పలచగా పూసి ఆరనివ్వడం. కోకో వెన్న గట్టిపడ్డాక నీటి అణువులు దాన్ని దాటడం కష్టం. సంప్రదాయవాదులు దీన్ని ఒప్పుకోరు, రుచి మారుతుందంటారు. నిజమే, మారుతుంది. దూరం మోసుకెళ్లాల్సి వస్తే నేను చాక్లెట్ వైపే ఉంటాను.

ఇంతవరకు వచ్చాక పళ్లెం దగ్గర చాలామంది ఫిజిక్స్‌ను వదిలేసి కళలోకి దిగుతారు. అక్కడే చెడుతుంది. మొదటి పొరపాటు ఫ్రిజ్‌లో పెట్టి తీసిన చల్లటి పళ్లెం. 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గదిలో 25 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న దేని మీదైనా మంచు పడుతుంది. ఫ్రిజ్ పళ్లెం మీద నిమిషంలో నీటి పొర కమ్ముకుంటుంది, పెంకు అడుగుభాగం దాన్ని తాగుతుంది. రెండోది, కన్నోలి దొర్లకుండా కింద రికోటా చుక్క పెట్టడం. హోటళ్లలో ఇది మామూలే. దానికి బదులు పొడిగా దంచిన పిస్తా పప్పును సన్నటి పట్టీలా పరిచి దాని మీద పడుకోబెడితే దొర్లదు, తడవదు. కరిగిన చాక్లెట్ చుక్కతో అతికించవచ్చు కానీ కోకో వెన్న 34 డిగ్రీలకే కరుగుతుంది, మన మే నెలలో అది అతకదు.

రికోటాను రెండు చివరల నుంచీ నింపాలి, లేకపోతే నడుమ ఖాళీ మిగులుతుంది. చివరల్ని చాకు వాదరతో చదును చేయడం పాత పద్ధతి, నక్షత్రపు మూతితో పువ్వులా తిప్పడం కొత్తది. నాకు పాతదే నచ్చుతుంది, చదును మీద అలంకరణ నిలుస్తుంది కాబట్టి. పలెర్మో వైపు ఆ చదును మీద చక్కెర పాకంలో మగ్గిన నారింజ తొక్క పెడతారు. తూర్పు సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం వాలులోని బ్రోంతే పిస్తా పలుకులు అద్దుతారు. ఆ చెట్లు ఏడాది విడిచి ఏడాది కాస్తాయి. పిస్తా పప్పు ఆకుపచ్చ రంగు, ఎర్రటి గోధుమరంగు పెంకు పక్కన మరింత పచ్చగా కనబడుతుంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయని ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రూల్ 1839లో గ్రంథమే రాశాడు. తెల్ల పళ్లెంలో తెల్ల రికోటా మాయమవుతుంది కాబట్టి ముదురు రంగు పళ్లెం మేలనిపిస్తుంది. కానీ 2012లో వెలువడిన ఒక ప్రయోగంలో ఒకే స్ట్రాబెరీ మూస్‌ను తెల్ల పళ్లెంలోనూ నల్ల పళ్లెంలోనూ పెడితే, తెల్లదానిలోది ఎక్కువ తియ్యగా ఉందని తిన్నవాళ్లు చెప్పారు. తీపి తగ్గించిన రికోటా అయితే ఆ సంగతి గుర్తుంచుకోదగ్గదే. పైన చల్లే పొడి చక్కెరను పెంకు మీదే చల్లాలి. రికోటా మీద పడింది క్షణాల్లో కరిగి మరకలా మిగులుతుంది.

ఈమధ్య హోటళ్లలో విడగొట్టిన కన్నోలి అని ఒకటి వస్తోంది. గొట్టం ఉండదు. రికోటాను కుప్పగా పెట్టి, బల్లపరుపుగా వేయించిన పెంకు ముక్కల్ని అందులో నిలువుగా గుచ్చుతారు. చూడగానే నాకు చిరాకేసే వస్తువు అది. పెంకు ముందు పగిలి, వెనకాలే రికోటా నోట్లోకి వచ్చే ఆ వరస అందులో లేదు. కానీ నీటి లెక్కలో దానిదే గెలుపు. ముక్క కింది అంచు మాత్రమే రికోటాను తాకుతుంది, మిగతాదంతా గాలిలో పొడిగా ఉంటుంది. రెండు వందల మందికి ఒకేసారి వడ్డించాల్సిన పెళ్లి విందులో నింపిన గొట్టాలకన్నా ఇదే తెలివైన ఏర్పాటు.

కరకర అనేది నాలుకకు తెలిసేది మాత్రమే కాదు. 2004లో ఆక్స్‌ఫర్డ్‌లో జంపీని, స్పెన్స్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి ఇయర్‌ఫోన్లు తగిలించి బంగాళాదుంప చిప్స్ కొరికించారు. కొరికిన శబ్దంలోని పై స్థాయి పౌనఃపున్యాల్ని పెంచి వినిపిస్తే అదే చిప్స్ మరింత తాజాగా ఉన్నాయని, కరకరలాడుతున్నాయని తిన్నవాళ్లు చెప్పారు. అంటే డీజే మోత మధ్య వడ్డించిన కన్నోలి, ఎంత బాగా వేగినా, సగం మెత్తబడ్డట్టే.

ఖాళీ పెంకులు మిగిలితే గాలి చొరని డబ్బాలో పెట్టుకోవచ్చు, మెత్తబడితే 150 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు ఉంచి చల్లారనిస్తే నీరు పోయి గాజు స్థితి తిరిగి వస్తుంది. నింపినవి మిగిలితే మాత్రం ఓవెన్ దిక్కు చూడకండి, లోపలి రికోటా నీళ్లు వదిలి గొట్టం పూర్తిగా కూలిపోతుంది. వాటిని గిన్నెలో నలిపేసి చెంచాతో తినడమే.